అరువిచ్చిన అయిదు సెంట్లు: చైనా దేశపు వాన్ లీ చరిత్ర



పండిన పంటలో తన వంతు ఎంతో తెలిసినవాడే పొలంలో మనసుపెట్టి పని చేస్తాడు. ఇది మనకు కొత్త సంగతి కాదు. కాని చైనా వంటి పెద్ద దేశం ఈ చిన్న సంగతిని ఒప్పుకోవడానికి ఇరవై ఏండ్లకు పైగా పట్టింది. ఆ మార్పుకు దారి తీసినవారిలో అన్హుయీ రాష్ట్రానికి పార్టీ ప్రథమ కార్యదర్శిగా పనిచేసిన వాన్ లీ ఒకరు.

చైనాలో 1958 లో కమ్యూనులు ఏర్పడినవి. భూమి, గొడ్డు, గోదా, నాగలి అన్నీ ఉమ్మడివి. ఏ పొలంలో ఏ విత్తనం వేయాలో పైనుంచి ఉత్తరువు వచ్చేది. రైతుకు దినానికి ఇన్ని అని పని మార్కులు వేసి, ఏడాది చివర ఆ లెక్కన గింజలు పంచేవారు. ఒళ్ళు వంచినవాడికీ, గట్టున కూర్చున్నవాడికీ దాదాపు ఒకటే వంతు. మనవాళ్ళు ఉమ్మడి గొడ్డు పుచ్చి చస్తుందంటారే, అలాగే అయింది. దానికి తోడు అధికారులు లేని దిగుబడులు ఉన్నట్లు రాశారు. ప్రభుత్వం ఆ దొంగలెక్కల ప్రకారం ధాన్యం తీసుకుపోయింది. 1959 మొదలు 1961 వరకు వచ్చిన మహా క్షామంలో అన్హుయీ అందరికంటె ఎక్కువ నష్టపోయిన రాష్ట్రాలలో ఒకటి. లక్షల మంది ఆకలితో చనిపోయారు.

అప్పటి రాష్ట్ర నాయకుడు జెంగ్ షీషెంగ్ మొదట ఆ పద్ధతులను గట్టిగా నడిపినవాడే. కాని 1961 లో ఆయనే పొలాలను కుటుంబాలకు బాధ్యతగా అప్పగించనిచ్చాడు. గింజ కొంచెం కండ్లపడింది. అయినా 1962 లో ఆయన పదవి పోయింది, ఆ పద్ధతీ ఆగిపోయింది. రైతుకు పొలం అప్పగిస్తే తన కుర్చీ పోతుందని ప్రతి అధికారీ మనసులో రాసుకున్నాడు.

వాన్ లీ 1916 లో షాన్‌డాంగ్ రాష్ట్రంలో పుట్టారు. కొంతకాలం బడిపంతులు. 1936 లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు. తరువాత పెకింగు నగరానికి ఉపమేయరుగా పెద్ద పెద్ద భవనాలు కట్టించారు. సాంస్కృతిక విప్లవ కాలంలో పదవి పోగొట్టుకున్నారు. 1975 లో రైల్వే మంత్రియై రైళ్ళను దారిలో పెట్టారు. మరుసటి ఏడే మళ్ళీ తొలగించబడ్డారు. చివరకు 1977 జూన్ నెలలో ఆయనను అన్హుయీకి పంపారు. అంటే వ్యవసాయంలో ఆయన నిపుణుడు కాడు.

అందుచేత ఆయన మొదట చేసిన పని పల్లెలు తిరగడం. కొండ ప్రాంతాల్లో చలికి ఒంటినిండా బట్టలేని కుటుంబాలను కండ్లారా చూశారు. విప్లవమై ఇరవై ఎనిమిదేండ్లయినా ఈ గతి ఏమిటని మథనపడ్డారు. ఆ ఏడు నవంబరులో రాష్ట్రం ఆరు అంశాల ఉత్తరువు ఒకటి సిద్ధం చేసింది. ఏ పైరు వేయాలో ఊరి జట్టే నిర్ణయించుకోవచ్చు. పెరటి సాగు, ఇంటి పరిశ్రమ చేసుకోవచ్చు. ప్రభుత్వ బాకీ తీరాక మిగిలింది సంతలో అమ్ముకోవచ్చు. దేశమంతా దాజాయ్ అనే గ్రామాన్ని ఆదర్శంగా చూపే కాలమది. కొండల్లోని ఒక ఊరి పద్ధతి నదీ తీరపు నేలకు ఎలా సరిపోతుందని వాన్ లీ వాదం.

1978 లో అన్హుయీని గొప్ప అనావృష్టి పట్టుకున్నది. నేల బీటలు వారింది, గోధుమ విత్తే అదను దాటిపోతున్నది. సెప్టెంబరులో రాష్ట్ర సంఘం ఒక నిర్ణయం చేసింది. కమ్యూను సాగు చేయలేని భూమిని మనిషికి మూడు ఫెన్‌ల చొప్పున, అంటే మన లెక్కన సుమారు అయిదు సెంట్లు, రైతులకు అరువివ్వాలి. ఆ పంటలో ప్రభుత్వ సేకరణ ఉండదు. జనం రాత్రింబవళ్ళు కష్టపడి విత్తారు.

అరువు భూమి అంతటితో ఆగలేదు. ఫెయ్‌షీ జిల్లాలో కొందరు ఏకంగా పొలాలే ఇంటింటికీ పంచుకున్నారు. ఆ ఏడు చివరలో ఫెంగ్‌యాంగ్ జిల్లా షియావ్‌గాంగ్ అనే చిన్న పల్లెలో 18 కుటుంబాలవారు రహస్యంగా కాగితం రాసి వేలిముద్రలు వేశారు. ప్రభుత్వ వంతు ఇస్తాము, మిగిలింది మాది. మా పెద్దలను జైలులో వేస్తే వారి పిల్లలను మేము సాకుతాము అని ఒడంబడిక. ఏటా బిచ్చానికి పోయే ఊరు అది. 1979 లో అక్కడ సుమారు 66 టన్నుల ధాన్యం పండింది. అది 1966 నుంచి 1970 వరకు అయిదేండ్ల పంటకు సమానమట!

ఇక్కడే వాన్ లీ గట్టితనం చూడండి. 1979 ఫిబ్రవరిలో ఫెయ్‌షీలోని షన్నాన్ కమ్యూనులో ఈ పద్ధతిని పరీక్షగా సాగనిచ్చారు. పత్రికల్లో చప్పుడు వద్దన్నారు. మార్చిలో పార్టీ పత్రిక ఇటువంటి విభజనను తప్పుపట్టే లేఖను మొదటి పుటలో వేసింది. అధికారులు బెదిరారు. పత్రిక కూడు పెట్టదు, పంట చూసి మాట్లాడుదామని ఆయన వారికి ధైర్యం చెప్పారు. జెంగ్ షీషెంగ్‌కు పట్టిన గతి ఆయనకు తెలియనిది కాదు.

1980 లో ఆయన ఉపప్రధానిగా రాజధానికి వెళ్ళి వ్యవసాయ వ్యవహారాలు చూశారు. అదే ఏడు మే నెలలో డెంగ్ షియావోపింగ్ ఫెయ్‌షీ, ఫెంగ్‌యాంగ్ ప్రయోగాలను మెచ్చుకున్నారు. 1982 జనవరి 1 నాటి పార్టీ పత్రం కుటుంబ బాధ్యతా పద్ధతిని ఆమోదించింది. దేశంలో ఆహారధాన్యాల ఉత్పత్తి 1978 లో సుమారు 30 కోట్ల 50 లక్షల టన్నులుండగా 1984 నాటికి సుమారు 40 కోట్ల 70 లక్షల టన్నులైంది. వాన్ లీ 1988 నుంచి 1993 వరకు జాతీయ ప్రజా కాంగ్రెస్ స్థాయీ సంఘానికి అధ్యక్షులుగా ఉండి, 2015 జూలైలో కన్నుమూశారు.

అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇదంతా భూమి పంపకం మహిమే కాదు. 1979 లో ప్రభుత్వం ధాన్యం ధర పెంచింది. కొత్త ఎరువుల కర్మాగారాలు నడిచినవి, సంకర వరి పొలాలకు చేరింది. పంటల పెరుగుదలలో దాదాపు సగం కుటుంబ సాగువల్ల వచ్చిందని జస్టిన్ లిన్ అనే ఆర్థిక శాస్త్రవేత్త 1992 లో లెక్క కట్టారు. పైగా భూమి యాజమాన్యం రైతుకు రాలేదు, సాగు హక్కే వచ్చింది. ఉమ్మడిగా చూసుకోవలసిన కాలువలు, చెరువులు చాలాచోట్ల పాడుపడినవి. పొలం ఎవరిది వారికి బాగున్నది గాని, నీరు ఒక్కరివల్ల అయ్యే పని కాదు గదా!

విస్తరణ పనిలో ఉన్నవారికి ఈ చరిత్రలో పనికివచ్చే పాఠం ఉన్నది. పై కాగితం ఒకటి చెబుతుంది, పొలం మరొకటి చెబుతుంది. రెండింటికీ పొత్తు కుదరనప్పుడు రైతును తప్పుపట్టక ముందు ఒక ఊళ్ళో, ఒక పంటకాలం పరీక్ష చేసి గింజలు కొలిచి చూడవలె. కొలిచిన లెక్క ఎంతైతే అంతే పైకి రాయవలె. అన్హుయీ పల్లెలు 1959 లో ఆరిపోయింది ఆ లెక్క అబద్ధం కావడం వల్లనే.