నోకియా ఎన్95, మొదటి ఐఫోన్: హార్డువేరు పోలిక

నోకియా ఎన్95, మొదటి తరం ఐఫోన్ 2007వ సంవత్సరంలో విపణిలోకి వచ్చిన రెండు ప్రత్యర్థి స్మార్టుఫోనులు. ఫిన్లాండుకు చెందిన నోకియా సంస్థ ఎన్95ను 2006 సెప్టెంబరులో ప్రకటించి, 2007 మార్చిలో విడుదల చేసింది. అమెరికాకు చెందిన ఆపిల్ సంస్థ ఐఫోన్‌ను 2007 జనవరి 9న ప్రదర్శించింది. జూన్ 29న ఆ దేశంలో అమ్మకాలు మొదలయ్యాయి. విడిభాగాల పట్టికను బట్టి చూస్తే ఎన్95దే పైచేయి. అయినను తరువాతి కాలపు ఫోనులు అనుసరించినది ఐఫోన్ రూపాన్నే.

కెమేరా, నెట్‌వర్కు

ఎన్95లో కార్ల్ జైస్ కటకంతో కూడిన 5 మెగాపిక్సెళ్ళ కెమేరా, ఆటోఫోకస్, ఫ్లాష్ ఉండేవి. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున వీడియో తీయగలిగేది. ఐఫోన్ కెమేరా 2 మెగాపిక్సెళ్ళది. ఆటోఫోకస్ లేదు, ఫ్లాష్ లేదు, వీడియో అసలే లేదు. జీపీఎస్, 3జీ, వీడియో కాల్ కొరకు ముందువైపు మరొక కెమేరా, మెమరీ కార్డు పెట్టుకొనే అర కూడా ఎన్95కు మాత్రమే ఉండేవి. ఐఫోన్ ఎడ్జ్ వేగంతోనే సరిపెట్టుకుంది (వైఫై మాత్రం రెండింటిలోనూ ఉండేది). 3జీ చిప్పులు విద్యుత్తును అధికంగా వాడుకుంటాయని ఆపిల్ సంజాయిషీ. అది ఉత్త సాకు కాదు: 950 ఎంఏహెచ్ బ్యాటరీతో ఇన్ని పనులు చేయవలసిన ఎన్95కు ఛార్జింగు త్వరగా అయిపోవటం పెద్ద లోపంగా పేరుపడింది. ఐఫోన్ బ్యాటరీ దీనికంటే పెద్దదే కానీ, వాడుకరి దానిని స్వయంగా మార్చుకొనే వీలు లేదు.

తెర

అసలు తేడా ఇక్కడ ఉంది. ఎన్95 తెర 2.6 అంగుళాలు, 240×320 పిక్సెళ్ళు. ఐఫోన్ తెర 3.5 అంగుళాలు, 320×480 పిక్సెళ్ళు, అనగా సరిగ్గా రెట్టింపు. ఎన్95 పైభాగాన్ని ఒకవైపు జరిపితే అంకెల మీటలు, రెండవవైపు జరిపితే పాటల మీటలు బయటపడేవి. ముచ్చటైన ఏర్పాటే, కానీ దాని మందం 21 మిల్లీమీటర్లకు చేరింది. ఐఫోన్ మందం 11.6 మిల్లీమీటర్లే.

అప్పటి టచ్ స్క్రీనులు చాలావరకు ఒత్తిడితో పనిచేసేవి. వాటికి తరచుగా పుల్ల వంటి కలం అవసరమయ్యేది. ఐఫోన్ తెర వేలి తాకిడి వలన విద్యుదావేశంలో కలిగే మార్పును గుర్తిస్తుంది. కనుక ఒత్తనవసరం లేదు, ఒకేసారి రెండు వేళ్ళను పోల్చుకోగలదు. మీటలు తెరమీది బొమ్మలే కావటంతో ప్రతి పనికీ వాటిని మార్చుకొనే వీలు కలిగింది.

ప్రకటనలలో అంతగా కనిపించని అంకె మరొకటి ఉంది. ఐఫోన్‌లో ర్యామ్ 128 మెగాబైట్లు, ఎన్95లో 64. అదే ఏడు వచ్చిన ఎన్95 8జీబీ నమూనాలో నోకియా దీనిని 128కి పెంచింది.

భారతదేశంలో

ఎన్95 కొన్నవారికి 3జీ అక్కరకు రాలేదు. దేశంలో ఆ సేవలు 2008 చివరలో ప్రభుత్వ రంగ సంస్థలతో ఆరంభమై, ప్రైవేటు సంస్థలకు 2010 వేలం తరువాతనే అందాయి. మొదటి ఐఫోన్ ఇక్కడ అధికారికంగా అమ్మకానికి రాలేదు. 3జీ, జీపీఎస్ చేర్చిన ఐఫోన్ 3జీ 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వోడాఫోన్ ద్వారా వచ్చింది.

తరువాత

ఐఫోన్‌కు వీడియో 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో, 5 మెగాపిక్సెళ్ళ కెమేరా, ఫ్లాష్, ముందు కెమేరా 2010లో ఐఫోన్ 4తో చేరాయి. 2011 ఫిబ్రవరిలో నోకియా తాను సింబియన్‌ను వదలి విండోస్ ఫోన్‌కు మారుతున్నట్లు ప్రకటించింది; 2014 ఏప్రిల్‌లో ఆ సంస్థ ఫోనుల విభాగం మైక్రోసాఫ్ట్ పరమైంది.