బండి దిగిన మనిషి దారి: పార్కింగ్ భవనాల రూపకల్పనపై ఒక పరిశీలన

పార్కింగ్ భవనానికి గీసే ప్లానులో మొదటి లెక్క కార్లదే. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ ఒక్కో కారుకు ఆరుబయట 23, సెల్లార్‌లో 32 చదరపు మీటర్లు లెక్కగట్టింది. నిజానికి కారు నిలవడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు సరిపోతాయి. మిగతాదంతా బండి తిరిగే దారికీ ర్యాంపుకీ పోతుంది. ఈ లెక్కలో ఎక్కడా కనిపించనివాడు కారు తలుపు తీసుకుని దిగిన మనిషి. పార్కింగ్ భవనం మంచిచెడ్డలు అతను నడిచే దారిని బట్టే తేల్చాలన్నది ఈ వ్యాసం వాదన.

మన నగరాల్లో సెల్లార్‌లోకి బండి దింపినవాళ్లకు ఆ దారి కొత్త కాదు. లిఫ్టు ఎటుందో తెలియక, ఒక చేత్తో పిల్లను, మరో చేత్తో సంచిని పట్టుకుని, బండ్లు దిగే ర్యాంపు మీదే గోడకు ఒదిగి పైకి నడుస్తారు. ఎదురుగా హెడ్‌లైట్లు. ఆ బండ్ల పొగలోనే రోజంతా నిలబడి వాచ్‌మన్ విజిల్ ఊదుతుంటాడు. ఆయనా ఈ భవనాన్ని వాడే మనిషే.

ఆ మనిషి వైపు నుంచి ఆలోచించిన కట్టడం ఒకటి కోపెన్‌హాగెన్‌లో, పాత రేవు ప్రాంతమైన నోర్డ్‌హవ్న్‌లో ఉంది. యాయా ఆర్కిటెక్ట్స్ రూపొందించిన ఆ లూడర్స్ పార్కింగ్ భవనం పైకప్పును 2016లో జనానికి తెరిచారు. బయటి గోడ నిండా వరుసలుగా మొక్కల తొట్లు. వీధిలోనే మొదలయ్యే మెట్లు ఆ గోడ వెంట ఏటవాలుగా పైకి పోతాయి. మెట్లకు ఎర్రటి కమ్మీ. దాన్ని పట్టుకుని ఎక్కితే 24 మీటర్ల ఎత్తున కప్పు. అక్కడితో కమ్మీ ఆగిపోదు. వంపులు తిరిగి ఉయ్యాలగా, పిల్లలు పాకే పంజరంగా మారుతుంది. 2,400 చదరపు మీటర్ల ఆ ఆటస్థలానికి కారు లేనివాళ్లూ ఊరికే ఎక్కి వెళ్లవచ్చు.

నాకు ఇందులో ఆటస్థలం కన్నా మెట్లే గొప్పగా తోస్తాయి. మూలనున్న చీకటి మెట్ల గదిని వీధి వెలుగులోకి తేవడం పెద్ద మార్పు. రాత్రివేళ ఒంటరిగా బండి దగ్గరకు వెళ్లే ఆడవాళ్లకు సీసీ కెమెరా కన్నా నలుగురి కంటపడే మెట్లే ధైర్యం.

తొట్లలో మొక్కలు పెంచినంత మాత్రాన ఇంత కాంక్రీటు పర్యావరణహితం అయిపోదు. కార్లు తగ్గిన రోజున భవనం దేనికి పనికొస్తుందన్నదే అసలు ప్రశ్న. అంతస్తులే వాలుగా, తల తగిలేంత పొట్టిగా ఉంటే కూల్చడం తప్ప దారి లేదు. మయామీ బీచ్‌లో 2010లో పూర్తయిన 1111 లింకన్ రోడ్ పార్కింగ్ భవనంలో ఆర్కిటెక్టులు హెర్జోగ్, డి మ్యూరాన్ అంతస్తుల ఎత్తును 8 నుంచి 34 అడుగుల దాకా మార్చుతూ పోయారు. గోడలు లేని ఆ అంతస్తుల్లో కార్ల పక్కనే పెళ్లిళ్లూ యోగా తరగతులూ జరుగుతాయి.

వీటిని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మనకు సరిపడవు. దేశంలో నమోదైన వాహనాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ద్విచక్ర వాహనాలే కాబట్టి వాటికి వేరే ర్యాంపు కావాలి. ఇక కప్పు. మే నెలలో విజయవాడలో పొద్దుగూకాక కూడా స్లాబు సెగలు కక్కుతుంది. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి, వేడి దిగాక పక్కలు వేసుకున్న ఇళ్లు మనవి. పార్కింగ్ కప్పుకూ అదే వరస: తీగ పందిరి, మంచినీళ్ల కుళాయి, రాత్రి పదింటిదాకా దీపాలు, వీధి నుంచి తాళం పడని మెట్లు.