ఇరవై రేకుల లెక్క

ఒహాయోలో ఒక పాత ఇంటి సామాను అమ్మకంలో 12 డాలర్లకి ఒక మూట కొన్నాను. విప్పి చూస్తే క్విల్ట్ పైగుడ్డ. క్విల్ట్ మన బొంతకి దూరపు చుట్టమే: పైన ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ, మధ్యలో దూది, అడుగున ఇంకో గుడ్డ, మూడింటినీ పట్టి ఉంచే కుట్లు. నా మూటలో మొదటిది మాత్రమే ఉంది. ఎవరో ఇరవై బ్లాకులు చేత్తో కుట్టి, కలిపి, అక్కడ ఆపేశారు.

కాలం పట్టుకోవడం కష్టం కాలేదు. తెల్ల చదరం మీద రేకులు పళ్ళెంలా పేర్చే ఈ 'డ్రెస్డెన్ ప్లేట్' డిజైన్ 1930ల అమెరికాలో తెగ కుట్టారు. ఒక రేకు వెనక వరసగా సూది బెజ్జాలున్నాయి. పిండి, కోళ్ళ దాణా బస్తాల మూతికి వేసిన గొలుసుకుట్టు విప్పితే మిగిలేవి అవే. ఆడవాళ్ళు బస్తాలు విప్పి గౌన్లు కుట్టుకుంటున్నారని గమనించి కంపెనీలు పూల బస్తాలే అచ్చేయించాయి. మాంద్యం రోజుల వ్యాపార తెలివి.

1933 షికాగో ప్రపంచ ప్రదర్శనకి సియర్స్ క్విల్ట్ పోటీ పెడితే సుమారు 24,000 వచ్చాయి. మొదటి బహుమతి 1,000 డాలర్లు. గెలిచిన కెంటకీ వాసి మార్గరెట్ కేడన్ తన క్విల్ట్ తాను కుట్టలేదు, కుట్టించింది. కుట్టిన చేతులెవరివో చాలా ఏళ్ళ తర్వాత పరిశోధకులు వెతికితే గానీ బయటపడలేదు.

నా పైగుడ్డకి ఆ పోటీలో గడప దాటే యోగ్యత లేదు. ఒక్క బ్లాకూ చదరంగా లేదు. స్కేలు పెట్టి చూశాను. ప్రతి కుట్టూ లోపల సరిగానే మొదలై, బయటి అంచుకొచ్చేసరికి అంగుళంలో పదహారో వంతు పక్కకి జరిగింది. రెండు రేకులకీ కలిపి ఎనిమిదో వంతు. ఇరవై కుట్లకి రెండున్నర అంగుళాలు. అందుకే పళ్ళెం అంచు కుచ్చిళ్ళలా లేస్తోంది. మా కోడ్‌లోనూ ఇంతే, చిన్న తప్పు లూపులో పడితేనే ప్రాణం తీస్తుంది.

ఇక్కడి కుట్టు బృందంలో ఒక పెద్దావిడ, "కత్తిరించి చదరం చేసెయ్, బాబూ," అంది. కత్తిరిస్తే రేకుల కొసలు పోతాయి. నేను ఒప్పుకోలేదు. అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంతని ఫ్లాట్‌కి మారేటప్పుడు మా ఇంట్లో పారేశారు. అప్పుడు నేనూ అడ్డు చెప్పలేదు. దాని మీద కుట్లు ఎలా ఉండేవో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

మరీ లేచిన ఐదు బ్లాకుల్లో మాత్రం పళ్ళెం ఊడదీసి, ఆరేసి కుట్లు విప్పి, బయటి అంచు దగ్గర కాస్త లోతుగా మళ్ళీ కుట్టాను. పాత దారం ఒక చిన్న కవర్లో దాచాను, ఎందుకో అడక్కండి. మిగతా వాటి వదులు దూదిలోకి అణిగిపోయేలా దగ్గర దగ్గరగా కుట్లు వేస్తున్నాను. ఏడో బ్లాకులో ఉబ్బు అణగలేదు. వేలితో తడిమితే తెలుస్తుంది. విప్పకుండా ఎనిమిదోదానికి వెళ్ళాను.