అతుకు ఏ వైపు వాలాలి?

క్విల్ట్ అంటే మూడు పొరల దుప్పటి. పైన ముక్కలు అతికి చేసిన గుడ్డ, నడుమ దూది, అడుగున అస్తరు. ఈ మూడూ కదలకుండా మళ్లీ అన్నిటినీ కలిపి కుడతారు. పైపొర కుట్టేటప్పుడు రెండు ముక్కల్ని మొహాలు కలిపి పట్టుకుని, అంచు నుంచి పావు అంగుళం లోపలికి కుట్టు వేస్తారు. ముక్కల్ని తెరిచి పరిస్తే ఆ పావు అంగుళపు అంచులు రెండూ వెనక వైపు మిగిలిపోతాయి. రెండింటినీ కలిపి ఒకే పక్కకి వాల్చి ఇస్త్రీ చేయాలా, విడదీసి చెరో పక్కకి పరచాలా అన్నది కుట్టే ప్రతి మనిషికీ ఎదురయ్యే ప్రశ్న. అమెరికాలో తరతరాలుగా చెబుతూ వచ్చిన జవాబు ఒకటే: ఒక పక్కకే వాల్చు, అదీ ముదురు రంగు ముక్క వైపుకి. ఎందుకని అడిగితే పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి అంటారు. ఆ మాట సగమే నిజమని నా వాదన. అది క్విల్ట్‌లన్నిటికీ వర్తించే పాత నియమం కాదు. ఒక రకం చేతికుట్టు, ఒక రకం దూది, పొయ్యి మీద కాచిన ఇస్త్రీ పెట్టె కలిసి పుట్టించిన అలవాటు. ఆ మూడూ మారాక కూడా అది నియమంగా మిగిలిపోయింది. 1971లో జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్‌డర్ హూఫ్ తమ సేకరణను న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో గోడలకు వేలాడదీసి చూపించాక క్విల్ట్‌ను కళగా చూడడం బలపడింది. అది గొప్ప మేలే. కానీ గోడకు వేలాడే క్విల్ట్ మనకు ముందు వైపునే చూపిస్తుంది, పనితనం చరిత్రలో చాలా భాగం వెనక ఉంటుంది.

రెండు పద్ధతుల్లో తేడా ఏమిటో ముందు దగ్గరగా చూడాలి. అంచులు రెండూ ఒక పక్కకి వాలితే ఆ పక్కన మూడు మందాల గుడ్డ చేరుతుంది: ముక్క, దాని అంచు, పక్క ముక్క అంచు. రెండో పక్కన ఒక్క మందమే ఉంటుంది. అంటే కుట్టు గీత వెంట ఒక వైపు చిన్న గట్టు, మరో వైపు పల్లం ఏర్పడతాయి. విడదీసి పరిస్తే రెండు పక్కలా రెండేసి మందాలు వచ్చి గుడ్డ చదునుగా ఉంటుంది. అయితే ఆ చదునులో ఒక లోపముంది. ముక్కల్ని అటూ ఇటూ లాగితే ఆ లాగుడు నేరుగా దారం మీద పడుతుంది, కుట్లు వదులుగా ఉంటే సందుల్లో దారం కనబడుతుంది, దూది పోగులు కూడా అదే దారిన పైకి తేలతాయి. ఒక పక్కకి వాల్చినప్పుడు అంచుల మడత ఆ సందుకి అడ్డుగా నిలబడుతుంది. వరసల్ని కలిపేటప్పుడు ఇంకో సౌకర్యం ఉంది. పై వరస అతుకుల్ని కుడికీ, కింది వరస అతుకుల్ని ఎడమకీ వాలిస్తే నాలుగు ముక్కలు కలిసే మూల దగ్గర రెండు గట్లు ఒకదానికొకటి ఆనుకుని ఆగుతాయి, మూల జరగదు. ఈ అవసరం వచ్చినచోట ముదురు రంగు వైపుకే వాల్చాలన్న మాటను అనుభవమున్నవాళ్లు పక్కన పెట్టేస్తారు. ఆ మాట వెనక ఉన్నది కూడా చిన్న కారణమే: ముదురు గుడ్డ అంచు లేత గుడ్డ కిందికి వెళితే పైకి నీడలా కనిపిస్తుంది.

ఇక చరిత్ర. ఒక పక్కకి వాల్చడమే ఆదిమ పద్ధతి అయితే, తేదీ స్పష్టంగా ఉన్న పాత పనుల్లో అదే కనిపించాలి. బ్రిటన్ క్విల్టర్స్ గిల్డ్ సేకరణలో 1718 అని ఏడాది కుట్టి ఉన్న పట్టు కవర్‌లెట్ (పక్క మీద పరిచే దుప్పటి) ఉంది. బ్రిటన్‌లో తేదీ ఉన్న ముక్కల పనుల్లో అంతకంటే పాతది దొరకలేదు. దాన్ని కాగితపు అచ్చుల మీద కుట్టారు. ఈ పద్ధతిలో ప్రతి గుడ్డముక్కనూ దాని ఆకారంలోనే కత్తిరించిన కాగితం మీద పరిచి, అంచుల్ని కాగితం వెనక్కి మడిచి టాకా వేస్తారు. అలా సిద్ధమైన రెండు ముక్కల్ని మొహాలు కలిపి, మడతల కొసల్ని మాత్రమే పట్టేలా దగ్గర దగ్గరగా చుట్టుకుట్టు వేస్తారు. తెరిచి చూస్తే ఏ ముక్క అంచు ఆ ముక్క కిందే ఉంటుంది. ఇక్కడ అతుకు విడదీసి పరచినట్టే తయారవుతుంది, ఇస్త్రీ పెట్టెతో నిర్ణయం తీసుకోవాల్సిన పనే లేదు. అమెరికాలో గోడీస్ లేడీస్ బుక్ పత్రిక 1835లో తేనెపట్టు గదుల్లాంటి ఆరుమూలల ముక్కల పనిని పాఠకులకు నేర్పింది, అదీ ఈ కాగితం పద్ధతే. అసంపూర్తిగా మిగిలిన ఇలాంటి పైపొరల వెనక నేటికీ కాగితాలు దొరుకుతాయి: పాత ఉత్తరాలు, లెక్కల పుస్తకాల పేజీలు, వార్తాపత్రికల ముక్కలు. వాటి మీది తేదీ కంటే ముందు ఆ ముక్కను కుట్టి ఉండరు కాబట్టి చరిత్రకారులకు అవి మంచి సాక్ష్యం. ఆ సాక్ష్యం చెప్పేదేమిటంటే, విడదీసిన అతుకు నిన్న మొన్న కుట్టుమిషన్‌తో వచ్చిన పోకడ కాదు, దానికి కనీసం మూడు వందల ఏళ్ల వయసుంది.

మరి ఒక పక్కకి వాల్చే అలవాటు ఎక్కడ బలపడింది? కాగితాలు లేకుండా రెండు ముక్కల్ని నేరుగా రన్నింగ్ కుట్టుతో కలిపే చోట. అమెరికాలో ముక్కల క్విల్ట్ ఇంటింటి పని కావడానికి పేదరికపు పొదుపే మూలమని చాలామంది చెబుతారు. ఆ కథ వినడానికి బావుంటుంది గానీ కాలక్రమం దానికి పూర్తిగా సహకరించదు. బట్ట ఖరీదుగా ఉన్న తొలి వలసకాలం నుంచి ఈ పనులు పెద్దగా మిగల్లేదు. 1820ల తర్వాత లోవెల్ వంటి ఊళ్ల మిల్లుల నుంచి చవక నూలు గుడ్డ రావడం మొదలయ్యాకే ఇవి వెల్లువెత్తాయి. చవక గుడ్డ, వందల ముక్కలు, తొందరగా సాగే కుట్టు. రన్నింగ్ కుట్టులో సూది గుడ్డలోకి దిగి పైకొస్తూ పోతుంది, కాబట్టి కుట్టుకీ కుట్టుకీ నడుమ ఖాళీ తప్పదు. అలాంటి అతుకును విడదీసి పరిస్తే ఆ ఖాళీలు బయటపడతాయి. అప్పటి దూది ఈనాటిలా అతికి వచ్చే పరుపు కాదు, ఏకి పరచిన వదులు దూది. అది ముద్ద కట్టకుండా ఉండాలంటే ఒకటి రెండు అంగుళాలకోసారి కుట్టు పడాలి. ఆ కుట్టు చేత్తో వేసే మనిషికి సూది ఒక్క మందం గుడ్డలోంచి పోవడం ఎంత సుఖమో, మూడు మందాల్లోంచి పోవడం అంత కష్టం. అందుకే అతుకు పక్కన పల్లంగా ఉన్న వైపు కుట్టుకుంటూ పోయేవారు. కుట్టు, దూది, సూది మూడూ ఒకే దిక్కుకి తోసినప్పుడు అతుకు ఒక పక్కకే వాలింది. దాన్ని సంప్రదాయం అనే ముందు పనివాళ్ల సరైన లెక్క అనడం న్యాయం.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. ఎలియాస్ హౌ కుట్టుమిషన్‌కు 1846లో, సింగర్ మిషన్‌కు 1851లో పేటెంట్ వచ్చాయి. 1856 నుంచి సింగర్ కంపెనీ వాయిదాల మీద అమ్మడంతో మిషన్ మామూలు ఇళ్లలోకీ చేరింది. మిషన్ కుట్టు పై దారాన్నీ కింద దారాన్నీ పెనవేసి బిగిస్తుంది, సందులు మిగలవు. అలవాటుకు కుట్టే కారణమైతే అప్పుడే మారిపోవాలి కదా, ఇంకో వందేళ్లు ఎందుకు నిలిచింది? జవాబు మిగతా రెండు కారణాల్లో ఉంది. మిషన్ పైపొరను మాత్రమే అందుకుంది. మూడు పొరల్నీ కలిపే పని ఎక్కువగా చేతుల్లోనే, చట్రం చుట్టూ కూర్చున్న ఆడవాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది, దూది కూడా పాత దూదే. పైగా అతుకును విడదీసి పరచడానికి ముందు వేలితో తెరవాలి, ఆ తర్వాత మొనతో నొక్కాలి. వందలాది అతుకులకు అలా చేయడం పొయ్యి మీద మళ్లీ మళ్లీ కాచుకునే ఇనుప పెట్టెతో అయ్యే పనా? 1871లో మేరీ ఫ్లోరెన్స్ పాట్స్ చేయి కాలని ఊడదీసే పిడితో, రెండు కొసలా మొన ఉన్న ఇస్త్రీ పెట్టెకు పేటెంట్ తీసుకుందంటేనే ఆ పని ఎంత బాధగా ఉండేదో తెలుస్తుంది. విద్యుత్ ఇస్త్రీ పెట్టెకు హెన్రీ సీలీ 1882లోనే పేటెంట్ పొందాడు, కానీ 1930ల నడుమ అమెరికా పల్లెల్లో పది వ్యవసాయ కుటుంబాల్లో సుమారు ఒకదానికే కరెంటు ఉండేది. వేలిగోటితో ఒక్కసారి గీసి ఒక పక్కకి మడిచేసే అతుకు ఆ ఇళ్లలో గెలవడం సహజం.

దర్జీ పనిని చూపించి ఇంకో మాట అంటారు. చొక్కాలూ గౌన్లూ కుట్టిన చేతులే క్విల్ట్‌లూ కుట్టాయి, బట్టల కుట్లను విడదీసి పరచడం వాళ్లకు తెలుసు, మరి ఇక్కడ ఎందుకు చేయలేదంటే అది తాతల నాటి నియమం మీది గౌరవం వల్లే కదా అని. కాదనే నా జవాబు. ఒంటి మీద బట్టకు లోపల అర అంగుళం పైనే గుడ్డ వదులుతారు, లాగుడు పడేచోట సూదిని వెనక్కి తెచ్చి వేసే గట్టి కుట్టు వేస్తారు, లోపల దూది ఉండదు. ఒకే మనిషి రెండు పనుల్లో రెండు తీర్పులు ఇచ్చిందంటే ఆమె ఆలోచించి చేసిందన్నమాట.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది మన్నిక వాదన: పాత క్విల్ట్‌లు నూట యాభై ఏళ్లు నిలిచాయి, వాటి అతుకులు ఒక పక్కకే వాలి ఉన్నాయి, కాబట్టి అదే బలమైన పద్ధతి. మొదటి సంగతి, మిగిలినవి చాలావరకు చుట్టాలొచ్చినప్పుడు తీసిన మంచి క్విల్ట్‌లు. రోజూ కప్పుకున్నవి, రోజూ ఉతికినవి ఎలా కుట్టినా చిరిగిపోయాయి. రెండోది, మిగిలిన వాటిలో చెడిపోయిన చోట్లు చూస్తే తరచూ కనబడేది ఊడిన అతుకు కాదు, పొడి పొడి అయిన ముక్క. పందొమ్మిదో శతాబ్దపు ముదురు గోధుమ, నలుపు అచ్చు గుడ్డల్లో రంగు నిలవడానికి ఇనుప ఉప్పులు వాడారు. ఆ ఇనుము కాలక్రమంలో నూలునే తినేస్తుంది. పక్కనున్న లేత ముక్కలు చెక్కుచెదరకుండా ఉంటే, గోధుమ ముక్క ఉండాల్సిన చోట దూది కనబడుతుంది, చుట్టూ కుట్టు మాత్రం అలాగే ఉంటుంది. ఈ రసాయనం మన కలంకారీ పనివాళ్లకు కొత్త కాదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసే నల్ల సిరా, కరక్కాయలో నానిన గుడ్డ తగలగానే నల్లబడేది ఆ ఇనుము వల్లే. పాత కలంకారీ గుడ్డల్లో నల్ల గీతలున్న చోటే బట్ట చీలడానికీ అదే కారణం. ఇంగ్లండ్‌లోని లెవెన్స్ హాల్లో సుమారు 1708 నాటివని చెప్పే ముక్కల పరుపుగుడ్డల్ని భారతదేశపు చింట్జు (రంగులద్దిన నూలు గుడ్డ) ముక్కలతోనే కుట్టారు. మచిలీపట్నం వంటి కోరమాండల్ తీరపు రేవుల నుంచి అలాంటి గుడ్డ యూరప్‌కు విరివిగా వెళ్తున్న రోజులవి.  మన్నిక గురించి మాట్లాడేటప్పుడు అతుకు దిక్కు కంటే అద్దకాన్ని ముందు చూడాలి.

మన బొంత ఈ వాదనకు మంచి పరీక్ష. పాత చీరలూ పంచెలూ పొరలు పొరలుగా పరిచి, చిరుగుల మీద ముక్కలు వేసి, ఆ చివర నుంచి ఈ చివరకు అన్ని పొరల్నీ పట్టేలా ఒకే రన్నింగ్ కుట్టుతో కుట్టుకుపోయే బొంతలో అతకడమూ కుట్టడమూ ఒకే పని. ఉత్తర కన్నడ ప్రాంతపు సిద్దీ స్త్రీలు కుట్టే కవుదిలోనూ అంతే, అంచు దగ్గర మొదలుపెట్టి నడిమికి చుట్టుకుంటూ వస్తారు. ముక్క అంచును లోపలికి మడిచి, మడత మీదే కుట్టేస్తారు కాబట్టి ఆ అంచు తన ముక్క కిందే ఉండిపోతుంది. అతుకు ఎటు వాలాలన్న ప్రశ్న అక్కడ పుట్టనే పుట్టదు, ఇస్త్రీ పెట్టె కూడా అక్కర్లేదు. పైపొరను విడిగా తయారు చేసి, తర్వాత ఎప్పుడో దూదితో కలిపే చోటే ఆ ప్రశ్న పుడుతుంది. అంటే అది పని జరిగే వరస నుంచి వచ్చిన ప్రశ్న, అందానికి సంబంధించింది కాదు.

చివరికి మార్పు వచ్చింది కూడా ఈ లెక్క ప్రకారమే. పోగులు అతుక్కుని ఉండే పాలియెస్టర్ పరుపులూ, సూదులతో పొడిచి దట్టం చేసిన నూలు పరుపులూ వచ్చాయి. 1979లో ఓల్ఫా కంపెనీ తెచ్చిన చక్రం కత్తితో ముక్కల కొలత కచ్చితమైంది. మూడు పొరల్ని కలిపే పని కూడా మిషన్ అందుకుంది. 1989లో అమెరికాలోని పడూకాలో జరిగిన క్విల్ట్ పోటీలో క్యారల్ బ్రయర్ ఫాలర్ట్ మిషన్‌తో కుట్టిన క్విల్ట్‌కు అత్యున్నత బహుమతి రావడం దానికి గట్టి గుర్తింపు. కరెంటు ఇస్త్రీ పెట్టె కూడా ఇళ్లకు చేరి పాత కారణాలు మూడూ పోయాక, అతుకును విడదీసి పరచడం మేలని ధైర్యంగా చెప్పేవాళ్లు బయల్దేరారు. ఎనిమిది మొనల నక్షత్రం నడిబొడ్డున పదహారు అంచులు కుప్పపడే చోట అది నిజంగానే మేలు. చేత్తో ముక్కలు అతికి, చేత్తోనే మూడు పొరలూ కుట్టేవాళ్లకు మాత్రం పాత పద్ధతే ఇవాళ్టికీ సరైనది. రెండు వర్గాలూ ఒకరినొకరు తప్పుపట్టడానికి కారణం, ఎవరి కుట్టు ఏదో, ఎవరి దూది ఏదో ముందు అడగకపోవడమే.

ఒక్క విన్నపం. అమెరికాలోని మన తెలుగువాళ్లలో కూడా క్విల్ట్ పని నేర్చుకుని, పాత సామాన్ల అంగళ్లలో దొరికే పూర్తికాని పైపొరల్ని కొని దూది చేర్చి ముగించేవాళ్లు ఉంటే, అస్తరు వేసే ముందు ఆ పైపొర వెనక వైపు బాగా వెలుతురులో ఫోటోలు తీసి ఉంచండి. అతుకులు ఎటు వాలాయో, దారం ఏదో, కాగితం ముక్క ఏదైనా మిగిలిందో రాసి పెట్టండి. ఒకసారి అస్తరు పడితే ఆ వెనక వైపును మళ్లీ ఎవరూ చూడలేరు.