గ్రంథము నుండి వెండితెరకు : మన ప్రాంతపు తోడ్పాటు

చలనచిత్రకళ పుట్టిననాటి నుండియు సాహిత్యము నాశ్రయించియే పెరిగినది. ఫ్రాన్సు దేశమున జార్జి మెలియే 1902లో చంద్రలోకయాత్రను చిత్రముగా తీసినప్పుడు జూల్స్ వెర్న్ రచన ఆతనికి ఊతమైనది. మన దేశమున దాదాసాహెబ్ ఫాల్కే 1913లో తీసిన మూగచిత్రమునకు హరిశ్చంద్రుని గాథయే ఆధారము. తెలుగున మొదటి టాకీయైన ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలయ్యెను. ధర్మవరము రామకృష్ణమాచార్యుల నాటకమును సురభివారు ప్రదర్శించుచుండగా దానినే హెచ్.ఎం. రెడ్డి చిత్రముగా తీసిరి. కావున తెలుగు తెర మొదటి మాట నేర్చినది నాటకము నుండియే.

ఈ చరిత్రలో గుంటూరు, ప్రకాశము జిల్లాల పాత్ర గణనీయమైనది. 1970లో ఒంగోలు కేంద్రముగా వేరొక జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశము పేరు వచ్చినది. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరైనవి. పేర్లు మారినను నేల ఒక్కటే. పత్తికి, మిరపకు పేరుపొందిన ఈ ప్రాంతమున నాటకసమాజములును, గ్రంథాలయములును పక్కపక్కనే వర్ధిల్లినవి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము స్థాపితమైనది; 1929లో దాని భవనమునకు గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదపాలెము నుండి కాలువమీద పడవ గ్రంథాలయమును నడిపించిరి. పుస్తకము పడవనెక్కి పల్లెకు వచ్చిన కాలమది. కొంతకాలమునకు ఆ పుస్తకములోని కథయే తెరనెక్కి డేరాసినిమాగా అదే పల్లెకు తిరిగి వచ్చెను.

తొలి టాకీలకు నాటకమే పెట్టుబడి. కాళ్ళకూరి నారాయణరావు రచించిన ‘వరవిక్రయము’ నాటకము 1939లో సి. పుల్లయ్య దర్శకత్వమున చిత్రమయ్యెను. కట్నమునకు వరుని కొనుటను ఈసడించి, ప్రాణత్యాగము చేసిన కాళింది పాత్రను అందు ధరించినది ఒంగోలు సమీపమున దొడ్డవరములో 1925లో జన్మించిన భానుమతి. ఆమెకు అదియే మొదటి చిత్రము. ‘సత్య హరిశ్చంద్రీయము’ కర్తగా ఊరూర పేరుపొందిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవియు అందు నటించిరి. కట్నపు బాధ ఎరుగని గడప ఆనాడు అరుదు. నాటకము ఆడిన రాత్రి పందిరికింద నున్నవారే దానిని చూడగలిగిరి. చిత్రమైన పిమ్మట అదే కథ అదే కంఠములతో అన్ని ఊళ్ళకును చేరినది. నాటకమునకు లేని ఈ వ్యాప్తియే తెర సాహిత్యమునకు చేసిన మొదటి ఉపకారము.

అంతకు ముందటి యేడు, 1938లో, గూడవల్లి రామబ్రహ్మము ‘మాలపిల్ల’ను తీసిరి. దాని కథ గుడిపాటి వెంకటచలముది. సంభాషణలు తాపీ ధర్మారావువి. హరిజనులకు దేవాలయ ప్రవేశము కావలెనని దేశమంతట ఘోషించుచున్న దినములవి. చలము రచనలను ఇంట ఉంచుకొనుటకే జంకిన కుటుంబములు ఆనాడెన్నియో కలవు. అట్టివారును చలము కథను తెరమీద చూచిరి. ఇందు ఛాందసుడైన సుందరరామశాస్త్రి పాత్రను తెనాలి నాటకరంగమున ప్రసిద్ధులైన వైద్యులు డాక్టరు గోవిందరాజుల సుబ్బారావు ధరించిరి. పుస్తకము దూరలేని ఇంట చిత్రము దూరగలదని ఈ చిత్రము రుజువు చేసినది.

పల్నాటి వీరుల కథ నడిచిన దారి ఇంకను దీర్ఘమైనది. కారెంపూడిలో నేటికిని కార్తిక మాసమున వీరుల ఉత్సవములు జరుగును. వీరవిద్యావంతులు ఆ గాథను పాడుదురు. పాటగా నున్న ఆ కథను శ్రీనాథుడు ద్విపదలో కూర్చెనని ప్రతీతి. అక్కిరాజు ఉమాకాంతము పరిష్కరించిన ‘పల్నాటి వీరచరిత్ర’ 1911లో అచ్చుపడినది. గూడవల్లి రామబ్రహ్మము దీనిని చిత్రముగా ఆరంభించి, 1946లో కన్నుమూసిరి. ఎల్.వి. ప్రసాద్ మిగిలిన భాగమును పూర్తిచేయగా 1947లో ‘పల్నాటి యుద్ధము’ వెలువడినది. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడుగా, కన్నాంబ నాగమ్మగా, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడుగా నటించిరి. 1966లో అదే కథ మరల చిత్రమైనప్పుడు నందమూరి తారకరామారావు బ్రహ్మనాయుడుగా, భానుమతి నాగమ్మగా కనిపించిరి. వీరగాయకుని గొంతు, తాటియాకు, అచ్చుయంత్రము, వెండితెర — ఒక్క కథ నాలుగు వాహనములనెక్కినది. విశేషమేమనగా, తెర వచ్చినను కారెంపూడి పాట ఆగలేదు.

అన్యభాషా సాహిత్యము తెలుగు తెరకు చేరిన దారిలో తెనాలి ఒక ముఖ్యమైన మజిలీ. ఆలూరి వెంకటసుబ్బారావు 1908లో తెనాలి చెంతనున్న ఐతానగరమున జన్మించిరి. చక్రపాణి యను పేర ప్రసిద్ధులైరి. క్షయవ్యాధి చికిత్సకై మదనపల్లె శానిటోరియమున నున్న కాలమున ఆయన బెంగాలీ భాషను నేర్చి, తరువాత శరత్‌చంద్ర చట్టోపాధ్యాయుని నవలలను తెలుగులోనికి తెచ్చిరి. ఆ తెలుగు ఎంత సహజముగా నుండెననగా, శరత్‌బాబు తెలుగువాడేయని తలచిన చదువరులు కలరని లోకమున చెప్పుకొందురు. పల్లె గ్రంథాలయములలో అట్టలు ఊడి, అంచులు నలిగినదాక చేతులు మారిన పుస్తకములలో శరత్ నవలలు ముందు వరుసన నుండెడివి.

ఈ పఠనమే చిత్రములకు నేలను దున్ని ఉంచినది. 1917లో బెంగాలీలో వెలువడిన ‘దేవదాసు’ నవలను ప్రమథేశ్ బారువా 1935లో బెంగాలీ చిత్రముగాను, మరుసటి యేడు హిందీ చిత్రముగాను తీసిరి. 1953లో వేదాంతము రాఘవయ్య దర్శకత్వమున తెలుగు ‘దేవదాసు’ వచ్చునప్పటికి, ఆ కథను అనువాదమున చదివి కంటతడి పెట్టినవారు ఇచట ఎందరో యుండిరి. పార్వతిగా నటించిన సావిత్రి గుంటూరు జిల్లా చిఱ్ఱావూరున జన్మించినది. పిమ్మట శరత్ రచనల నుండి 1957లో ‘తోడికోడళ్ళు’, 1961లో ‘బాటసారి’ వచ్చినవి. ‘బాటసారి’లో కథానాయిక భానుమతియే. బెంగాలీ జమీందారు ఇంటి దుఃఖము తెలుగు దుఃఖముగా మారినదనిన, అందుకు కారణము నటుల ప్రతిభ ఒక్కటియే కాదు. ముందుగా పుస్తకము చేసిన పరిచయము కూడ.

చక్రపాణి అనువాదముతో ఆగలేదు. బి. నాగిరెడ్డితో కూడి 1947లో ‘చందమామ’ను స్థాపించి, పిమ్మట విజయా సంస్థ ద్వారా చిత్రనిర్మాణమున దిగిరి. 1955 నాటి ‘మిస్సమ్మ’కు మూలము రవీంద్రనాథ మైత్ర రచించిన బెంగాలీ హాస్యనాటకము, అది 1935లోనే బెంగాలీ చిత్రముగా వచ్చియుండెను. 1962 నాటి ‘గుండమ్మ కథ’కు ఒక కన్నడ చిత్రము ఆధారము కాగా, పెంకెపిల్లను దారికి తెచ్చు షేక్‌స్పియరు నాటకపు ఛాయయు అందు కలదు. అయినను ఆ గుండమ్మ ఇంగ్లండు నుండి వచ్చిన మనిషియని ఏ ప్రేక్షకుడును అనుకొనలేదు. మన వీథి చివరి ఇంటి ఇల్లాలే యనుకొనెను. పరాయి కథను తెచ్చువాడు ఆ కథలోని పేర్లను మార్చిన చాలదు. వంటయిల్లు, వరుసలు, ఎత్తిపొడుపులు, మాట తీరు అన్నియు మార్చవలెను. చక్రపాణి ఆ పని ఎరిగినవారు.

లాభముతోపాటు నష్టమును చెప్పనిచో చరిత్ర పూర్తికాదు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెరిగిన రూపమును పొందినది. ఏడంకముల ఆ మహానాటకమును 1955లో పి. పుల్లయ్య చిత్రముగా తీసిరి. గిరీశముగా రామారావు, మధురవాణిగా సావిత్రి, లుబ్ధావధానులుగా గోవిందరాజుల సుబ్బారావు నటించిరి. గురజాడవారి పూర్ణమ్మ గేయకథను, శ్రీశ్రీ గేయమును అందు చేర్చిరి. నాటకమున లేని సొగసు కొంత వచ్చినది. కాని సంభాషణలో సంభాషణగా అల్లుకొనిపోవు గురజాడ వ్యంగ్యమంతయు చిత్రపు నిడివిలో ఇముడునది కాదు. తెర ముఖమును చూపును. వాక్యము వెంట ఆగి, వెనుదిరిగి, మరల చదువుకొని నవ్వు అవకాశమును పుస్తకమే ఇచ్చును.

తరువాతి తరమున నవల చిత్రసీమను ఏలినది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణము’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ యైనది; యద్దనపూడి సులోచనారాణి నవలలు ‘మీనా’, ‘సెక్రటరీ’ చిత్రములైనవి. 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ హిందీ కథ ‘కఫన్’ను ‘ఒక ఊరి కథ’గా తెలుగుననే తీసిరి. కిషన్ చందర్ ఉర్దూ నవల గౌతమ్ ఘోష్ చేతిలో 1979లో ‘మా భూమి’గా రూపొందినది. బెంగాలీ దర్శకులు, హిందీ ఉర్దూ రచయితలు, తెలుగు మాట — సాహిత్యమునకు ఎల్లలు లేవనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

అయితే తెర శాశ్వతము కాదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి నేడు లభ్యము కాదు. ఆ కాలపు ఫిలిము త్వరగా అంటుకొనునది, పెట్టెలలో చీకిపోవునది. అట్లు నశించిన చిత్రము మరల రాదు. ‘కన్యాశుల్కము’ యొక్క 1897 నాటి రూపమును, 1909 నాటి రూపమును మాత్రము నేటి చదువరి పక్కపక్కన ఉంచుకొని చదువగలడు. దానికి కారణము అచ్చుప్రతులను దాచిన గ్రంథాలయములు, అడిగి చదివిన సభ్యులు.

నేడు పాత చిత్రములనేకము చేతిలోని ఫోనులోనే చూడవచ్చును. ఇది సంతోషింపదగినదే. కాని ‘దేవదాసు’ను చూచిన యువకుడు శరత్ నవలను అడుగవచ్చినప్పుడు బీరువాలో అది ఉండవలెను. ‘పల్నాటి యుద్ధము’ చూచిన బాలిక వీరచరిత్రను అడిగినప్పుడు లేదని చెప్పరాదు. చిత్రములైన గ్రంథములన్నియు ఒక అరలో చేర్చి, వాటిమీద చిత్రము పేరు, యేడు వ్రాసియుంచుట ఏ పల్లె గ్రంథాలయమునకును భారమైన పని కాదు. వెండితెర పాఠకుని గ్రంథాలయపు గుమ్మము దాక తీసికొనిరాగలదు. లోనికి పిలిచి కూర్చుండబెట్టవలసినది గ్రంథాలయమే.