థైరాయిడ్ కాన్సర్: సగం తీయాలా, మొత్తం తీయాలా?



మెడలో చిన్న గడ్డ కనబడి, పరీక్షలో థైరాయిడ్ కాన్సర్ అని తేలితే ఇంటిల్లిపాదికీ కాళ్ళూ చేతులూ ఆడవు. ఆపైన డాక్టరుగారు "సగం తీసినా చాలవచ్చు, మొత్తం తీయవచ్చు, ఆలోచించుకోండి" అంటే, ఆయనకే తెలియదేమోనని సందేహం కలుగుతుంది. అది సరికాదు. ఈ వాదానికి సుమారు నూట నలభై యేళ్ళ చరిత్ర ఉన్నది.

మనం బడిలో అవటు గ్రంథిగా చదువుకున్న థైరాయిడ్, గొంతు ముందు రెండు రెక్కలుగా ఉంటుంది. స్విట్జర్లాండులోని బెర్న్ నగర సర్జను థియొడోర్ కోకర్ గళగండం ఆపరేషనులో ప్రాణాపాయాన్ని బాగా తగ్గించారు. కాని మొత్తం గ్రంథి తీయించుకున్నవారిలో 18 మందిని 1883 నాటికి తిరిగి పరీక్షిస్తే, 16 మంది ఉబ్బిన ముఖాలతో, మందకొడిగా మారి ఉన్నారు. కొంత గ్రంథి మిగిలినవారు బాగున్నారు. దానితో మామూలు గళగండానికి మొత్తం తీయడం మానివేశారు. తన చికిత్సవల్ల కలిగిన చెరుపును తానే లోకానికి చెప్పిన ఆ పెద్దమనిషికి 1909లో నోబెల్ బహుమతి లభించింది.

1891లో ఇంగ్లండు డాక్టరు జార్జి ముర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒక రోగికి ఇచ్చారు. ఆమె మరి 28 యేళ్ళు జీవించింది. క్రమంగా మాత్రలు వచ్చాయి. 1940లలో రేడియో అయోడిన్ వచ్చింది. గ్రంథి మిగలకుంటేనే ఆ మందు కాన్సర్ కణాలకు బాగా చేరుతుంది. కనుక కాన్సరైతే మొత్తం తీయడమే ఆనవాయితీ అయింది. 2009లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ కూడా 1 సెంటీమీటరు దాటితే మొత్తం తీయమన్నది.

జీవో వెనుక సవరణ జీవో వచ్చినట్లు, తరువాత మార్పు వచ్చింది. 2014లో అమెరికాలో 61,775 మంది రికార్డులు పరిశీలిస్తే, 1 నుండి 4 సెంటీమీటర్ల పాపిల్లరీ రకం కాన్సరులో మొత్తం తీసినందువల్ల ఆయుర్దాయం పెరిగినట్లు కనబడలేదు. 2015లో అదే అసోసియేషన్, కాన్సర్ గ్రంథి దాటక, మెడ బిళ్ళలకు పాకక ఉంటే సగం తీసినా చాలవచ్చునన్నది. జపానులోని కోబె నగరపు కుమా ఆసుపత్రి 1993 నుండి, సెంటీమీటరులోపు గడ్డలను కొందరిలో ఆపరేషను లేకుండానే కనిపెట్టి చూస్తున్నది. అక్కడ గడ్డ ముదరడం 60 దాటినవారిలోనే అతి తక్కువ. మన వయసువారికి ఇది ఊరట.

సగం తీస్తే కొందరికి జీవితాంతం మాత్ర తప్పుతుంది. గొంతు నరానికి, కాల్షియం చూసే చిన్న గ్రంథులకు ప్రమాదం తక్కువ. అయితే తీసిన ముక్క పరీక్షలో తీవ్రత బయటపడితే రెండో ఆపరేషను రావచ్చు. మన కావలి నుండి నెల్లూరుకో, తిరుపతి స్విమ్స్‌కో, డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారి కృషితో 1954లో వెలసిన అడయారు కాన్సర్ ఇన్‌స్టిట్యూటుకో మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. ప్రయాణం, ఖర్చు, తోడు వచ్చే మనిషి, ఇవన్నీ లెక్కలోనివే.

కనుక భయంతో "మొత్తం తీసేయండి" అని తొందరపడవద్దు. గడ్డ సైజెంత, ఏ రకం, గ్రంథి దాటిందా, బిళ్ళలకు పాకిందా, సర్జనుగారు ఏడాదికి ఇటువంటివి ఎన్ని చేస్తారు, అని కాగితం మీద వ్రాసుకొని వెళ్ళి అడగండి. అడగడం మన హక్కు. జవాబు విన్నాక ఇంట్లోవారితో కూర్చొని నిర్ణయించుకోండి.