డాక్టరు గారు భోంచేశారా?

ఇలా దగ్గరికి జరిగి కూచో నాయనా. ఆ ఫోను పక్కన పెట్టు, ఎక్కడికీ పారిపోదులే. డాక్టరీ చదువుతున్నావు కాబట్టి నీకీ ముచ్చట చెప్పాలి.

మన బరంపురానికి మెడికల్ కాలేజీ వచ్చింది 1962లో. అంతకుముందు గేట్ బజార్ పిల్లలు డాక్టరీ చదవాలంటే అటు విశాఖపట్నమో, ఇటు కటకమో పోవలసిందే. పల్లెల్లో రోగి తన సీసా తనే తెచ్చుకునేవాడు. కాంపౌండరు అందులో ఎర్రటి మిక్చరు పోసి, పూటకెంతో తెలిసేలా గాట్లు పెట్టిన కాగితం పట్టీ అంటించేవాడు. ఫీజు రూపాయి. అదీ లేకపోతే ఒక ఆనపకాయ.

తప్తపాణి ఘాటు దారిలో ఒక ఊరికి కుర్ర డాక్టరొచ్చాడు. పేరెందుకులే. పగలంతా ఆసుపత్రి. రాత్రయితే తలుపు మోత: పాముకాటు, కాన్పు, జ్వరం. చెయ్యి అందించడానికి రెండో డాక్టరు లేడు. ఒకసారి కాన్పు కష్టమై, బరంపురం చేరకుండానే బండిలో తల్లి పోయింది. ఆ రాత్రి నిద్ర కోసం తాగడం మొదలెట్టాడు. కొన్నాళ్ళకి పొద్దున్నే చెయ్యి వణక్కుండా ఉండడానికీ ఓ గుక్క కావలసొచ్చింది.

మనుషుల అమాయకత్వం చూడు! రోగం నయమైతే కాగితంలో చుట్టి సీసా తెచ్చిచ్చేవారు. గొంతు తడిస్తేనే ఆయన హస్తవాసి మంచిదని అరుగుల మీద చెప్పుకునేవారు. తిలాపాపం తలా పిడికెడు. "భోంచేశారా బాబూ, నిద్రపోయారా?" అని అడిగినవాడు లేడు. నలభై నిండకుండానే లివరు చెడి పోయాడు.

తాగుడు చదువుని చూసి జంకదు నాయనా. అమెరికాలో 1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం పెట్టిన ఇద్దరిలో బాబ్ స్మిత్ సర్జనే. తనలాంటి తాగుడు మనిషి ఎదురుగా కూచుని మనసు విప్పితేనే ఆయన తేరుకున్నాడు.

ఇప్పటికీ లెక్క ప్రకారం మైదానంలో 30,000 మందికి, కొండల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అందులో చాలాచోట్ల ఒక్కడే డాక్టరు. రేపు నువ్వూ అలాంటి చోటికే పోతావు. నిద్ర పట్టని రాత్రి సీసా తియ్యకు, మనిషిని పిలు. ఎవరూ దొరక్కపోతే 14416కి ఫోన్ చెయ్యి, అది మనసు బాగోలేనప్పుడు సాయం చేసే సర్కారు వారి టెలిమానస్. అలవాటు ముదిరినవాడు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు. వైద్యుడి కనుసన్నల్లోనే మానాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. డాక్టరు సాయం అడగడం నామోషీ కాదు. అడగకముందే ఆయన బాగోగులు కనుక్కోవడం ఊరి బాధ్యత.